కొండగుడి రాతిలో జారిపోయిన ‘క’

ముప్పై ఎనిమిదేళ్ళుగా కొండగుడి తాళాలు నడుముకు కట్టుకుని తిరుగుతున్న నేను, ఊరంతా తాళాలమ్మ అని పిలిచే మనిషిని, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా రాస్తున్నాను. మతి స్థిమితంగా ఉందని డాక్టరు రాసిచ్చాడు. నోటికి మాత్రం ఏనాడూ స్థిమితం లేదని మా మరదలు అంటుంది, అననివ్వండి. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. దీన్ని అమలు జరిపే బాధ్యత నా మేనకోడలిది, అంటే చనిపోయిన నా తమ్ముడి కూతురిది.

1. తాతగారి ఉలులు, సుత్తి, రేకుపెట్టె మేనకోడలికి చెందాలి. ఇంట్లో రాతిపని వచ్చింది ఇప్పుడు దానికొక్కదానికే. పెట్టె అడుగున ఒక మడత కాగితం ఉంది. గుడి గుమ్మం మీది అరిగిన అక్షరాలను తిరగచెక్కే ముందు తాత తడికాగితం అద్ది తీసిన అచ్చు అది. అందులో ‘అడగకండి. ఈయన వింటాడు’ అని ఉంది. తాత చెక్కింది ‘అడగండి. ఈయన వింటాడు’ అని. ఒక్క ‘క’ జారిపోయింది. ఆ ఏడాది నుంచే యాత్ర మొదలైంది.

2. గుడి చరిత్ర కూడా ఆస్తే కనుక రాసిస్తున్నాను. గుడిలో మనం కొలిచే పునీతుడు బతికున్న రోజుల్లో బావులు తవ్వేవాడు. బావి కూలి, మూడు రోజులు మట్టికింద ఉండి బతికి బయటపడ్డాడు. అప్పటి నుంచి ఆయన చెవిన పడిన కోరిక అన్నది అన్నట్టే జరిగేది. మనసులో ఏముందో ఆయనకు తెలియదు, మాట ఒక్కటే వినబడేది. భయపడి కొండెక్కి చెవుల్లో మైనం పెట్టుకున్నాడు. విగ్రహం చేతులు చెవుల మీద ఉంటాయి. తమ మాట శ్రద్ధగా వింటున్నాడని యాత్రికులు మురిసిపోతారు. వినడం కాదు, మూసుకున్నాడు మహానుభావుడు.

3. పిండిమర ఆయన తన అన్న మీద కోపంతో “వాడు మళ్ళీ నా కంటికి కనబడకూడదు” అని మొక్కాడు. అన్న పక్కింట్లోనే ఉన్నాడు, ఈయనకే చూపు పోయింది. దర్జీ భార్య కొడుకు కోసం “మావాడు తన కాళ్ళ మీద తను నిలబడాలి” అని అడిగింది. అతనికి నలభై దాటాయి, ఇప్పటికీ కూర్చోలేడు. గోడకు ఆనుకునే నిద్రపోతాడు. నా చేతికర్ర అతనికి ఇవ్వండి.

4. ఇక నా సంగతి. తమ్ముడు దూరాన ఉన్న రాతిగనిలో పనికి వెళ్తానంటే, “వాడెప్పుడూ నా కళ్ళముందే ఉండాలి” అని నేనూ అడిగాను. తొమ్మిదో రోజున గనిలో రాయి జారి మీదపడి చనిపోయాడు. పూడ్చి ఇంటికి వచ్చేసరికి కళ్ళముందు ఉన్నాడు. కళ్ళు మూసినా ఉన్నాడు. ముప్పై ఒక్కేళ్ళు. నేను ముసలిదాన్నయ్యాను, వాడికి ఇంకా ఇరవై ఆరే. ఇప్పుడు రాస్తున్న అక్షరాలు కూడా వాడి చొక్కా చాటున పడుతున్నాయి. తాత తీసిన అచ్చు నాకు ఆ నెలలోనే దొరికింది. ‘క’ చెక్కించలేదు. చెక్కిస్తే వాడు పోతాడేమోనని భయం. ఊరి పాపం తగులుతుందని తెలిసీ రోజూ తలుపులు తీశాను.

5. “నీ మొక్కే నా మొగుణ్ణి మింగింది” అని మరదలు ఆనాడే అంది. నేను గయ్యిమని లేచాను, పదేళ్ళు మాటల్లేవు. ఆమె అన్నది నిజం. తప్పు నాది. నా రెండు గదులూ, వంటిల్లూ ఆమెవి.

6. మేనకోడలికి తండ్రి గుర్తు లేడు, అప్పటికి ఆరు నెలల పిల్ల. మొన్న వచ్చి “అత్తా, నాన్నను ఒక్కసారి చూపించమని కొండమీద అడుగుతాను” అంది. వద్దు తల్లీ. బదులుగా ఇది తీసుకో. మీ నాన్న ఎడమ కనుబొమ్మలో చిన్న ఖాళీ ఉంది. చొక్కాకు మూడో గుండీ లేదు. నవ్వబోయి ఆగినట్టుంటాడు. నీ గడ్డం వాడిదే. నన్ను పూడ్చి ఇంటికి వెళ్ళకుండా నేరుగా కొండెక్కి ఆ ‘క’ చెక్కు. అందాకా గుడి తలుపు ఎవరూ తీయకూడదు.

7. కంటి ఆసుపత్రికి నా కళ్ళు ఇస్తానని సంతకం చేసి ఉన్నాను. అది రద్దు చేస్తున్నాను. ముక్కూ మొహం తెలియని ఎవరో కట్టు విప్పుకునేసరికి ఎదురుగా వీడు నిలబడి ఉంటే, ఎవరని చెప్పేది? నా కళ్ళు ఎవరికీ ఇవ్వకండి. మూసేటప్పుడు మాత్రం మెల్లగా మూయండి, వాడు లోపలే ఉంటాడు.

తేదీ: నవంబరు పద్నాలుగు, గురువారం

సంతకం: తాళాలమ్మ

చదివించుకుని, ఆమె సంతకం చేయగా చూసిన సాక్షులు:
1. పోస్టుమాస్టరు
2. గుడి తలుపులు బాగుచేసే వడ్రంగి