కొండమీద దిగిన మబ్బు

అన్నా,

నీతో విమానాలు నడిపిన స్నేహితుడు ఈ పొద్దున మనింటికి వచ్చాడు. విమానాల్లో ఉండే పాత హెచ్చరిక యంత్రం కింది నేలనే చూసేదట. కొత్తది మబ్బులో కూడా ముందున్న కొండను పసిగట్టి, "పైకి లేపు" అని అరుస్తుందట.

నాయన అంతా విని, "మావాని ఇమానంలో ఎందుకు పెట్టల్యాదప్పా?" అన్నాడు.

నువ్వు పోయిన రోజు పొద్దున, ఇన్నేళ్ల కరువు తర్వాత మన ఊరి కొండ మీద మబ్బు దిగిందని నాయన టెంకాయ కొట్టాడు. ఆ మబ్బులోనే నీ విమానం కొండను గుద్దుకుందని సాయంత్రానికి తెలిసింది.

ఇప్పుడు మళ్లీ మబ్బు దిగింది. వీధిలో వాళ్లు "చెనక్కాయలు ఇత్తుదాం, రాన్నా" అని నాయనను పిలుస్తున్నారు. నాయన గడపలోనే నిలబడి, కొండకేసి చూస్తూ, "పైకి లేపప్పా, పైకి లేపు" అంటున్నాడు.