గట్టు దాటని కడ్డీ

హైదరాబాద్,
ఆగస్టు 4

నా శౌరికి,

ఫోన్‌లో చెప్పుకుందామంటే మా పెదనాన్న కూతురు సింధు నా గదిలోనే ఉంటుంది. నేను ‘ఊ’ అన్నా ‘ఎవరక్కా’ అంటుంది. అందుకే ఈ కాగితం.

లెక్క ఇంకా కుదరలేదు. భూమిని చిన్న చిన్న ముక్కలుగా కోసినట్టు ఊహించి, ఒక్కో ముక్కలో కరెంటు ఎలా పారుతుందో కంప్యూటర్ లెక్కగడుతుంది. మా ఊరి పొలాల్లో నువ్వు ఇనుప కడ్డీలు పాతి తీసిన రీడింగులకు ఆ లెక్క దగ్గరవుతూ పోవాలి. మొదట బుద్ధిగానే దగ్గరవుతుంది, తర్వాత మొండికేస్తుంది. కడ్డీల చుట్టూ ముక్కలు ఇంకా చిన్నవి చేశాను. మోడల్ అంచుల్ని అర కిలోమీటరు అవతలికి జరిపాను. నాపరాయి పొర మందం మార్చాను. ఏం చేసినా తేడా ఇరవై శాతం కిందికి దిగదు. నువ్వు కడ్డీలు పాతిన ఆరో లైన్లో చివరి రీడింగులు తీసిపారెయ్యమన్నారు మా గైడ్. అవి తీసేస్తే అడుగున నీళ్లున్నాయో లేదో ఇంకెలా చెప్పడం? నన్ను నేను తిట్టుకున్నాను, సాఫ్ట్‌వేర్‌ని తిట్టాను. నీ రీడింగుల్ని మాత్రం అనుమానించలేదు.

ఇది కుదిరితే థీసిస్, థీసిస్ ఇచ్చాక నాన్నకు మన పెళ్లి సంగతి చెప్పడం అనుకున్నాం కదా. మాచర్ల రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టి పదకొండు నెలలైంది. అందులో కలిసి ఉన్నది తొమ్మిది రోజులు. నువ్వు పని నుంచి వచ్చినప్పుడు నీ చేతులకుండే ఇనుము వాసన మర్చిపోతానేమోనని భయంగా ఉంది. పోట్లాడుకున్నా సరే, పక్కపక్కన కూర్చుని పోట్లాడుకోవాలని ఉంది.

నిరోష

మాచర్ల,
ఆగస్టు 9

నిరోషా, నా బంగారం,

తప్పు నీ కంప్యూటర్‌ది కాదు, నాది.

ఆరో లైన్లో చివరి రీడింగులకు ఒకవైపు కడ్డీ మీ నాన్న మిరప చేలోకి నలభై మీటర్ల దాకా పోవాలి. కడ్డీ, సుత్తి పట్టుకుని గట్టు దాకా వెళ్లాను. అక్కడ మీ నాన్న పున్నారావు గారే నిలబడి ఉన్నారు. ‘మా నిరోష పంపిన కొలతల అబ్బాయివేనా? ఎండలో నిలబడ్డావేంది, చేలోకి రా. నీకు యాడ గావాలంటే ఆడ పాతుకో’ అన్నారు. కసిరి ఉంటే వెళ్లేవాణ్నేమో. అంత నమ్మకంగా పిలిచిన మనిషి చేలోకి, ఆయన అల్లుణ్నై ఉండి, ఎవరో పరాయివాడిలా అడుగుపెట్టడానికి కాళ్లు రాలేదు. ‘అక్కర్లేదండీ, ఇక్కడితో సరిపోద్ది’ అన్నాను. ఆ చివరి రీడింగులన్నిటికీ కడ్డీని గట్టు మీదే, లైను మధ్య నుంచి నూట పది మీటర్ల దగ్గరే ఉంచాను. కాగితంలో మాత్రం నువ్విచ్చిన దూరాలే, నూట యాభై దాకా రాశాను.

ఎందుకు ఆపావని నువ్వడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. నలభై మీటర్లకు ఏమవుతుందిలే అనుకున్నాను. నీ ఆరు నెలల కష్టం నా వల్లే పోయింది. ‘పెళ్లెప్పుడు చేసుకుంటావురా’ అని అడిగిన ప్రతివాడి ముందూ నవ్వి ఊరుకుంటున్నాను. మీ నాన్న ముందు ఆ నవ్వు రాలేదు. నావల్ల కావడం లేదు, నిరోషా. తిట్టాలనుంటే తిట్టు.

శౌరి

హైదరాబాద్,
ఆగస్టు 14

మొద్దు శౌరికి,

తిట్టాను. సింధు ఉలిక్కిపడి లేచేంత గట్టిగా తిట్టాను. తర్వాత మోడల్లో కడ్డీని గట్టు మీదికి జరిపి మళ్లీ నడిపించాను. ఏడో విడతకే కుదిరింది. తేడా నాలుగు శాతం. ఆరు నెలలుగా ఎదురుచూసిన అంకె చూసి ఏడుపొచ్చింది. చేను దాకా వెళ్లి, కడ్డీకి కట్టిన కరెంటు తీగ చుట్టుకుని నువ్వు వెనక్కి నడిచిపోవడమే కళ్లముందు కనిపించింది. నిన్ను అలా గట్టు మీద నిలబెట్టింది నేనే. నాన్న కోపానికి భయపడి కాదు శౌరీ, ఇంకొన్నాళ్లు ఆయన దగ్గర మంచి కూతురిగా ఉండాలని ఈ థీసిస్‌ని అడ్డం పెట్టుకున్నాను.

అది రాయడానికి ఇంకా రెండు నెలలు పడుతుంది. అన్నాళ్లు ఆగలేకపోయాను. నిన్న నాన్నకు ఫోన్ చేసి చెప్పేశాను, సింధు వింటుండగానే. ‘ఎన్నాళ్లైంది?’ అన్నాడు. చెప్పాను. ‘ఇన్నాళ్లూ రోజూ నాతో మాట్టాడతానే ఉన్నావు గదమ్మా’ అని పెట్టేశాడు. తిట్టినా బాగుండేది. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు.

శనివారం మధ్యాహ్నం బస్సుకి మాచర్లలో దిగుతాను. స్టాండులోకి వచ్చి నిలబడు, ఎవరు చూసినా సరే. ముందు మన గదికి వెళ్దాం. ఆదివారం నాన్న దగ్గరికి వెళ్దాం. ఆయన లోపలికి రమ్మనకపోవచ్చు. అప్పుడు గుమ్మం బయట ఇద్దరం నిలబడదాం.

నీ భార్య,
నిరోష