కాలవ మూల రాళ్ళు

యూట్లాండ్ పడమటి తీరం,
సెప్టెంబరు 11, 1988, ఆదివారం

తమ్ముడు థోగర్‌కు,

అక్క అబెలోనె దీవించి రాస్తున్నది. ప్రభువు కృప వల్ల ఇక్కడ మేమందరం బాగున్నాం. ఆ ఫారో దీవుల చలిలో నీ ఛాతీ కుదురుగా ఉండాలని పొద్దున మోకరించినప్పుడు అడిగాను.

నీ ఉత్తరంలో మూడు సంగతులు అడిగావు. వరసగా చెప్తాను.

అమ్మ సమాధి రాయి మీద నాచు గీకించాను. పేరు మళ్ళీ కనిపిస్తోంది.

ఐవర్ ఇంకా నన్ను తిడుతున్నాడా అన్నావు. తిడుతున్నాడు. వలలు అమ్మేసి, లాకుల పక్కన కాఫీ కొట్టులో గిన్నెలు కడుగుతున్నాడు. రెండేళ్ళ కిందట ఆ వేసవి, చచ్చిన మలుగుపాము చేపల్ని దండలా గుచ్చి నీ లాకుల ఇంటి తలుపుకి వేలాడదీశాడు కదా. "లాకులాయనా, తొమ్మిది రోజులు తలుపులేసుకుని పడుకున్నావు. మా మలుగులూ పడుకున్నాయి. లేపు చూద్దాం" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తాడు. నవ్వు అయ్యాక అతని మొహం చూడలేం. సరస్సు అడుగున గుల్లలు లేవు, పురుగులు లేవు, వాటిని తిని బతికే మలుగులూ లేవు.

మూడోది. జల్లెడాయన కాగితం వచ్చిందా, నా తప్పు లేదని తేలితే ఇంటికి రావచ్చా అన్నావు.

కాగితం వచ్చింది. తప్పు నీదేనని ఉంది. పచ్చిక బయళ్ళు గడ్డి కోతలకి మునగకూడదని నువ్వు సముద్రం వైపు లాకులు తొమ్మిది రోజులు మూసి ఉంచావు, సముద్రపు నీరు లోపలికి రాలేదు, అడుగున ఉన్నవన్నీ ఊపిరాడక పోయాయి. అలా రాశారు.

సరస్సు ఎందుకు చచ్చిందో తేల్చమని సర్కారు పంపిన ఆ జల్లెడాయన పేరు ఉల్డాల్. మంచివాడు, కానీ పడవెక్కితే వాంతులు. తెడ్డు పట్టడం రాదు. అందుకని రెండు వేసవులూ పడవ నేనే నడిపాను. దవడల్లా మూసుకునే ఇనుప పారని తాడుతో అడుగుకి దించి, బురద పైకి లాగి, జల్లెడలో కడిగేవాడు. మిగిలిన పురుగుల్నీ, గోరంత గుల్లల్నీ సీసాల్లో వేసి లెక్కపెట్టేవాడు. లాకుల వైపు పది పారలు తీస్తే ఒక్క పురుగు వచ్చింది. ఆ రోజు సీసా పట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు. నేను రొట్టె ఇచ్చాను.

ఇక ఒక మాట. కాగితంతో పాటు సరస్సు పటం ఒకటి అచ్చువేశారు. నీకూ పంపుతారట. మన పొలం కాలవ సరస్సులో కలిసే మూల, అందులో 'రాళ్ళు' అని ఉంటుంది. అటు మనవాళ్ళు తప్ప ఎవరూ దిగరు. అక్కడ గోళీ అంత రాయి కూడా లేదని నీకు తెలుసు. ఆరేళ్ళప్పుడు ఆ బురదలో నడుం దాకా దిగబడి, నా జడ పట్టుకుని పైకొచ్చావు. అందుకే పటం నిన్ను చేరేలోపు ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ జులైలో మీ బావ క్రెస్టెన్ నడుం పట్టేసి మంచం మీద ఉన్నాడు. పందుల పెంట తొట్టి అంచుదాకా నిండింది. దాని తూము తీసి కాలవలోకి వదిలింది నేను. ఒక్క పూట అనుకున్నాను. మూడు రోజులు వదిలాను. గాలి లేదు, ఒకటే ఎండ. నాలుగో రోజు కాలవ మూల పురుగులన్నీ బురదలోంచి బయటికొచ్చి పైన పడి ఉన్నాయి. గుల్లలు నోళ్ళు తెరిచి, నీళ్ళలోకి మెడలు చాపి ఉన్నాయి. పక్షులు తినగలిగినంత తిని వదిలేశాయి. తర్వాత బురద నల్లబడి, దాని మీద తెల్లటి పొర పరుచుకుంది. మన జాలరులు శవం దుప్పటి అంటారే, అది. కాలవ మూల మొదలైంది. నీ లాకుల దాకా రావడానికి వారం పట్టింది. ఆ వారమంతా నీ వైపు మలుగులు వలల్లో పడుతూనే ఉన్నాయి. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.

పోయిన వేసవి ఉల్డాల్ చెయ్యి చాపి, "అమ్మగారూ, ఆ మూల కూడా ఒక పార తీద్దామా?" అన్నాడు.

"అక్కడ రాళ్ళండి. మీ పార విరుగుతుంది" అన్నాను.

మేలు చేశారన్నట్టు తలూపి, పెన్సిలుతో రాసుకున్నాడు. ఆ మూల లెక్కలోకి వస్తే, చావు ఎటునుంచి మొదలైందో ఆ పురుగులే చెప్పేవి.

నిన్ను సంఘంలోంచి వెలివేసిన రోజు మీ బావ లేచి నీ మారుమనసు కోసం ప్రార్థన చేశాడు. నేను ఆమెన్ అన్నాను. తూము సంగతి ఆయనకి ఇప్పటికీ తెలియదు. వచ్చే నెల ఆయన్ని సంఘ పెద్దగా నిలబెడుతున్నారు. పందుల మధ్య వంగి బతికిన మనిషి, ఇప్పుడు నలుగురి ముందు నిటారుగా నిలబడబోతున్నాడు. నిజం తెలిస్తే దొడ్డి మూయిస్తారు. ఆ నడుంతో ఆయన మళ్ళీ లేవడు. నువ్వు ఒంటరివాడివి, మోయగలవు. ఇలా ఆలోచించి ప్రభువు ముందు పెట్టాను. ఆయన ఏమీ అనలేదు. ఒప్పుకున్నాడనే తీసుకున్నాను.

ఈ ఉత్తరం చదివి పొయ్యిలో వేయి. వేయకుండా దాచి, రేపు మందిరంలో చూపించినా నేను భయపడను. తమ్ముడి పాపం చూడలేక నా నెత్తిన వేసుకుని రాశానంటాను. నమ్ముతారు. నమ్మి, నా ప్రేమకి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. నీ మాట నమ్మేవాళ్ళు ఇక్కడ లేరు. రెండేళ్ళ కిందట నిన్ను వెలివేసినప్పుడే ఆ పని అయిపోయింది.

ఇంటికి రావచ్చా అని కదా అడిగావు. రావద్దు.

ఉన్ని మఫ్లర్ అల్లి పంపుతున్నాను. మెడకి బిగించి చుట్టుకో.

ఇట్లు,
రోజూ నీ పేరు తలుచుకుని మోకరించే
పెద్దక్క
అబెలోనె