సిక్ రాసిన మేడ

డబ్ల్యూఆర్ఎస్ కాలనీ,
రాయ్‌పూర్.

అమ్మకు,

మాలతి నమస్కారాలు. ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. బాగానే అంటే నాన్నకి మోకాళ్ల నొప్పులు, నాకు ఒళ్లంతా నొప్పులు. అక్కడ నువ్వూ, అన్నయ్యా, వదినా, పసివాడూ కులాసా అని తలుస్తాను.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను విసుక్కుంటాను, చెప్పాల్సింది అలాగే మిగిలిపోతుంది. అందుకే రాస్తున్నాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. ఆవకాయ జాడీకి గుడ్డ మార్చాను. నాన్న బీపీ మాత్ర వేసుకుంటున్నాడు, నేను ఎదురుగా నిలబడితేనే. ఆండాళమ్మ పిన్ని కూతురి పెళ్లికి వెళ్లలేదు, ఆ రోజు రిహార్సలు ఉంది. కోప్పడకు. వెళ్తే మాత్రం అందరూ అడిగేది ఒకటే. "తాయారమ్మ కూతురు నాటకాల్లో ఏటి వేషం కడతాది?" వేషం కట్టను, స్టేజి మేనేజర్ని అంటే, "అంటే కుర్చీలు ఎయ్యడమా?" అంటారు.

నువ్వూ అదే అడిగావు కదా, "నీ పనేటో నాకే తెలీదు, ఊళ్లోవాళ్లకేటి చెప్పను?" అని. ఎవరు ఎప్పుడు లోపలికి రావాలో, ఏ దీపం ఎప్పుడు వెలగాలో, తెర ఎప్పుడు లేవాలో చెప్పేది నేనే. సామానూ, అలిగిన నటులూ అంతా నా నెత్తినే. నాన్న రైల్వే వ్యాగన్ల రిపేరు షాపు నుంచి తెచ్చే సుద్దముక్కలతో ఎవరెక్కడ నిలబడాలో నేలమీద గుర్తులు పెడతాను. అన్నీ సరిగ్గా జరిగితే నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ తెలియదు. చప్పట్లు మోగేసరికి నేను పక్క తెర చాటున మేకులు ఏరుకుంటుంటాను. నిజం చెప్పనా అమ్మా, అలసిపోయాను.

దసరా దాకా చూసి, నాటకాల్లో కుదురుకోకపోతే రైల్వే పరీక్షకి కూర్చోవాలన్నది మన ఒప్పందం. గుర్తుంది. అందుకే అసలు సంగతికి రావడానికి ఇంత నాన్చుతున్నాను.

పోయిన ఆదివారం మా పెద్ద నాటకం. స్టేజిమీద రాజుగారి మేడ, చెక్కతో కట్టింది. దానిమీద నలుగురు నిలబడాలి. ముందు వరుసలో కూర్చునే ఓ పెద్దమనిషి మనవరాళ్లని కూడా పాటలో మేడ ఎక్కించమని డైరెక్టర్ హేమంత్ సార్ ఆఖరి నిమిషంలో అన్నారు. బరువు ఆగదేమో సార్ అన్నాను. "అరే, బచ్చియా హై" అని తీసిపారేశారు. చిన్నపిల్లలేగా అని.

పాట మొదలయింది. మేడ కింద కిర్రుమంది. కాసేపటికి ఇంకోసారి. నేను తెర దించేయమన్నాను. హాల్లో దీపాలు వేయించేశాను. పాట సగంలో ఆగిపోయింది.

అందర్నీ దింపి చూస్తే, ఒక బోల్టు వదులుగా ఉంది. అంతే. పడేది కాదు అన్నాడు వడ్రంగి. "ఖోదా పహాడ్, నిక్లీ చుహియా" అన్నారు హేమంత్ సార్ అందరి ముందూ. మన కొండను తవ్వి ఎలుకను పట్టిన సామెతే. బోల్టు బిగించి మళ్లీ మొదలుపెట్టాం గానీ, అప్పటికే ముందు వరుస లేచి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి నన్ను రావద్దన్నారు. అవునమ్మా, నా పని పోయింది. ఆ మేడ నిజంగా పడేదో లేదో నాకూ తెలియదు. అదే నన్ను తినేస్తోంది.

ఆ రోజు నాన్న కూడా వచ్చాడు, నా నాటకానికి మొదటిసారి. ఆట అయ్యాక స్టేజి మీదికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా ఆ మోకాళ్లతోనే మేడ కింద కూర్చున్నాడు. షాపులో వ్యాగన్ల అడుగున తడిమినట్టు దాని ఒక్కో కాలూ తడిమి చూశాడు.

"పడిపోయేదా నాన్నా?" అని అడిగాను.

"ఏమోనమ్మా."

నాకు ఏడుపొచ్చింది. ఈయన కూడా ఇంతేనా అనుకున్నాను.

"పడతాదని తెలిస్తే ఎవుడైనా ఆపుతాడే," అన్నాడు చేతులు దులుపుకుంటూ. "తెలీనప్పుడు ఆపడానికే మమ్మల్ని పెట్టేరు. నువ్వూ సిక్ రాసినావు, అంతే."

నీకు తెలుసు కదా, అనుమానం వచ్చిన వ్యాగన్ మీద నాన్న సుద్దతో సిక్ అని, అంటే జబ్బు బండి అని రాస్తే, ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా అది కదలదు. ఆలస్యానికి నాన్న తిన్న తిట్లన్నీ నువ్వు అన్నం వడ్డిస్తూ విన్నవే. రాయడం మానెయ్యమని ఒక్కసారైనా అన్నావా?

ఒప్పందం ప్రకారం నేను ఓడిపోయాను. కానీ పరీక్షకి కూర్చోను. తిట్టు, పడతాను. అభన్‌పూర్‌లో ఓ చిన్న నాటక బృందం ఉందట, రేపు వెళ్లి కలుస్తాను. ఇక్కడి పని ఎందుకు పోయిందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్తాను. తీసుకుంటారో లేదో మరి.

ఇక ఊళ్లోవాళ్లు నా పనేమిటని అడిగితే ఏం చెప్పాలో ఇప్పుడు నాకు తెలిసింది. వాళ్ల నాన్న చేసే పనే అని చెప్పు.

ఇట్లు,
నీ చేతి అన్నానికి మొహం వాచిన
నీ కూతురు,
మాలతి