గోడ వాకిట్లో తాడిచెట్టు

తులుం, మెక్సికో
27 మే 2025

గోవింద్ బావకు,

నీ బావమరిది దేవేంద్ర దూరం నుంచి పెట్టే నమస్కారం. ఇక్కడ నేను కులాసా. అక్కడ నువ్వు కులాసాగా ఉన్నావా అని ఈసారి అడగబుద్ధి కావడం లేదు. నాలుగు రోజులుగా నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి హోటలు వాళ్ల కాగితం మీద ఇది రాసి, ఫోటో తీసి రాణి అక్కకు పంపుతున్నాను. అక్క చదువుతుంది. నువ్వు కూర్చుని విను. మధ్యలో వల బాగుచేసుకునే పని ఉందని లేచిపోకు.

ముందు ఇక్కడి కబుర్లు. బోటు ఇంజన్లు, జీపీఎస్ మిషన్లు ఎక్కువ అమ్మిన డీలర్లను కంపెనీ తీసుకొచ్చిన విహారం కదా, తిండికీ పడకకూ లోటు లేదు. సముద్రం నీలిమందు కలిపినట్టుంది. ఒడ్డుకు మాత్రం గుట్టలుగా నాచు కొట్టుకొచ్చి కుళ్లుతుంటే కూలీలు పొద్దున్నే పారలతో ఎత్తిపోస్తున్నారు. రాజాం డీలరు జోగయ్య గొడుగు కింద కుర్చీలో పడుకుని, ఇంత ఖర్చు పెట్టినవాళ్లు ఆవకాయ ఎందుకు పెట్టరని మూడు పూటలా విసుక్కుంటున్నాడు.

నిన్న మాయా జనం కట్టిన పాత కోట చూపించారు. ఎప్పుడో ఈ తీరాన్ని ఏలినవాళ్లట. సముద్రం మీదికి ఒరిగిన రాతి గుట్ట, దానిపైన మెట్లు మెట్లుగా గుడి, చుట్టూ మొండి గోడలు, వాటి మీద ఎండ కాగుతున్న ఉడుముల్లాంటి జంతువులు. గుడికి సముద్రం వైపు రెండు కిటికీలు. నీళ్లలో పగడపు రాళ్ల మధ్య దారి ఒక్కటే ఉందనీ, పూర్వం ఆ కిటికీల్లో దీపాలు పెడితే, రెండూ కనబడే వరసలో పడవ నడిపి క్షేమంగా ఒడ్డుకు చేరేవారనీ గైడు చెప్పాడు. అందరూ ఫోటోలు తీసుకున్నారు. నేను ఆ కిటికీల కిందే కూర్చుండిపోయాను. అది మన గోడే కదా బావా.

మన ఇసకదిబ్బ మీది మొండి గోడ ఎవరు కట్టారో ఎవరికీ తెలీదు. కానీ వంశధార సముద్రంలో కలిసే మొగలోకి రావాలంటే, ఆ గోడ వాకిట్లో వెనకనున్న తాడిచెట్టు నిలబడేదాకా పడవ తిప్పాలని నాన్న మనిద్దరికీ ఒకే రోజు నేర్పాడు. చెట్టు ఎడమకు జరిగితే ఇసకమేట. కుడికి జరిగితే కెరటం బోర్లా వేస్తుంది. నాకు వారం పట్టిన పాఠం నీకు ఒక్క పూటలో వచ్చింది. అలాంటివాడివి, కొత్తగా వస్తున్న రిసార్టు వాళ్ల కార్లు నిలుపుకోడానికి సంతకం పెట్టి ఆ గోడను పొక్లెయినుతో పడగొట్టనిచ్చావా? సిగ్గులేదా నీకు?

నాన్న సంగతి నీకు తెలీదా? అరవై ఆరేళ్ల మనిషి. నేనిచ్చిన జీపీఎస్ మిషన్‌ను సంచిలో చుట్టి దూలానికి వేలాడదీశాడు. ఆ తెర మీద గీతలు ఆయన కంటికి ఆనవు. పడవలో ఆయనతో వెళ్లే ఇద్దరూ ఆయన మాట దాటరు. జూన్ పధ్నాలుగుతో వేట నిషేధం అయిపోతుంది. పదిహేనున ఎవరు అడ్డుపడినా ఆగడు. తిరిగొచ్చేటప్పుడు దేన్ని చూసి మొగలోకి రావాలి? రిసార్టు బోర్డు చూసా?

అక్క అంతా చెప్పింది. నాన్న దిబ్బ దగ్గరికెళ్లి చాలాసేపు నిలబడి వచ్చి, ఒరే గోవిందూ, నన్ను సంపాలనుంటే నాతోటే సెప్పాల్సింది, ఆ గోడ నిన్నేటి సేసిందిరా అని వీధిలో అందరి ముందూ అడిగాడట. నువ్వు తల వంచుకుని కూర్చున్నావట. పక్కింటి చిన్నతల్లి అత్త నీ మీద ఇసక దుమ్మెత్తి పోసినా దులుపుకోలేదట. ఆ మౌనమే నన్ను ఎక్కువ మండిస్తోంది. తప్పు చేసినవాడు కనీసం బుకాయించాలి.

చెప్పేది విను. గోడ వాకిలి ఉన్న చోటే, అంతే ఎడంతో రెండు పొడవాటి సరుగుడు వాసాలు పాతించు. తాడిచెట్టు మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు. జూన్ నాలుగున ఆమదాలవలసలో రైలు దిగుతాను. అప్పటికి వాసాలు లేకపోతే మన మధ్య మాటల్లేవు. అక్క ఇంటికి వస్తాను గానీ నీ ఇంటికి రాను. రెండూ ఒకటే ఇల్లని నాతో అనకు.

ఇట్లు,
కోపం చల్లారని నీ బావమరిది
దేవేంద్ర

తా.క.: ఫోటో తీయబోతూ ఇదంతా మళ్లీ చదువుకున్నాను. అలాగే పంపడానికి చెయ్యి రాలేదు. అక్కా, నాన్నను కూడా పిలిచి కూర్చోబెట్టి ఇక్కడి నుంచి గట్టిగా చదువు. ఫిబ్రవరిలో రిసార్టు వాళ్లు మొదట వచ్చింది నా కొట్టుకే. ఊళ్లో అందరికీ మిషన్లున్నాయి, ఆ గోడతో ఇక పనేమీ లేదని చెప్పింది నేనే. ఊరి తరఫున రాసిన ఒప్పుకోలు కాగితం మీద మొదటి సంతకం నాది. బావ రెండు నెలలు ససేమిరా అన్నాడు. నా సంతకం చూపించాకే తనదీ పెట్టాడు. వాళ్ల విహార పడవలకు నాలుగు ఇంజన్లు నా దగ్గరే కొన్నారు. వాటితోనే నా టార్గెట్ నిండింది, వాటితోనే ఇక్కడికొచ్చాను. నాన్నా, నువ్వు తిట్టినప్పుడు బావ దాచింది నా పేరు.

బావా, వాసాలు నువ్వు పాతొద్దు. నేను వచ్చి పాతుతాను. వాకిలి సరిగ్గా ఎక్కడుండేదో నాకిప్పుడు గుర్తు లేదు. తెప్పకు నిషేధం లేదు కదా, నువ్వూ నాన్నా తెప్ప మీద మొగ బయటికెళ్లి చేత్తో చూపించండి. నేను గునపం పట్టుకుని దిబ్బ మీద నిలబడతాను. నాన్న చెయ్యి కిందికి దించేదాకా గొయ్యి తవ్వను.