పాపరు దావా

కర్నూలు, 1957 ఆగస్టు 13, మంగళవారం రాత్రి

ఈరోజు ఒక కొత్త మాట నేర్చుకున్నాను. నేర్చుకున్నందుకు సంతోషం కలగని మాట నాకు ఇదే మొదటిది.

కాలేజీ అయ్యాక అర్జీలు రాయడానికి ఉచిత న్యాయసహాయం గదికి పోతే, కోడుమూరు ఎల్లమ్మ వచ్చి కూర్చుని ఉంది. మొగుడు పోయినాక ఆమె చేను మరిది దున్నుకుంటున్నాడు. ఈ నెల దాటితే దావాకు గడువు తీరిపోతుంది. కోర్టు స్టాంపులు ఇదివరకు మేమే కొనిచ్చేవాళ్ళం. రాజధాని హైదరాబాదుకు పోయాక చందాలిచ్చే పెద్దమనుషులూ దాని వెంటే పోయారు. ఇప్పుడు స్టాంపుల పెట్టె ఖాళీ.

"పాపరు దావా వేద్దాం, ఫీజుండదు" అన్నారు అక్కడి ప్లీడరుగారు. దావాకు ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి.

ఎల్లమ్మ దిగ్గున లేచింది. "పాపరా? నేనేం పాపం చేసినా సామీ? చేసినోడు ఆడ దున్నుకుంటాండాడు!"

నాకు నవ్వొచ్చింది. "పాపం కాదమ్మా, అది ఇంగ్లీషు మాట. బీదోళ్ళని అర్థం. నాకేమీ లేదని ప్రమాణం చేసి వేలిముద్ర వేస్తే చాలు" అని తెలివిగా చెప్పాను.

ఆమె నన్నే చూసింది. "నాకేమీ లేదని నేనే రాసిస్తే, ఆ చేను ఎవరిదప్పా?"

దావాలో ఉన్న చేను ఆ లెక్కలోకి రాదని ప్లీడరుగారు ఎంత చెప్పినా ఆమె వినలేదు. నేను అప్పటికే ఆమె వేలికి పూసిన సిరాను కొంగుకు తుడుచుకుని బస్సుకు పోయింది.

అర్జీ నా ముందరే ఉంది. 'ఏమీ లేదు' అనే మాటను ఆమె ఒప్పుకునేటట్టు ఇంకోలా రాయాలని ఇంతసేపూ చూశాను. నిఘంటువు కూడా తిరగేశాను. పేద, బీద, దరిద్ర, నిరుపేద...