నూట పన్నెండో పుట, తొమ్మిదో వరుస

పురపాలక కార్యాలయ ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాత రికార్డుల గదిలోని ఒక జనన రిజిస్టరును రేపటి లారీలో పంపకుండా ఆపుట గురించి, నా భార్య మరణ నమోదులో నేను చేసిన తప్పు దిద్దుట గురించి.

ముందుగా ఆఖరి రోజు సంగతి మనవి చేసుకుంటాను. ఆ రోజు మంగళవారం. నేనూ నా భార్యా ఎప్పటిలాగే పదింటికి రికార్డుల గదికి వచ్చాం. ఆమె చదివింది, నేను రాశాను. పదకొండు పుటలు అయ్యాయి. మూడున్నరకు ఎడమ చెయ్యి లాగుతోందంది. వెళ్దామన్నాను. "ఈ పుట అయ్యాక వెళ్దామండీ, మధ్యలో వదిలేస్తే రేపు మళ్ళీ మొదటినుంచి చదవాలి" అంది. ఇంకా ఆరు వరుసలున్నాయి. ఆరూ చదివింది. కళ్ళజోడు పెట్టెలో పెట్టుకుని, లేచి, మళ్ళీ కూర్చుంది. గది అటెండరు పరుగెత్తుకెళ్ళి బండి పిలుచుకొచ్చాడు. ఐదూ నలభైకి ఆసుపత్రిలో పోయింది. ఆరు వరుసలకు పట్టే సమయం నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల గురించి తమ కార్యాలయంపై నాకు ఫిర్యాదేమీ లేదు.

ఫిర్యాదులు ఇవి:

1. నేను రసాయన శాస్త్ర అధ్యాపకుడిగా, ఆమె లెక్కల టీచరుగా పదవీ విరమణ చేశాక, పదకొండేళ్ళుగా ఆ గదిలో జీతం లేని పని చేస్తున్నాం. తాత పేరు తెలియనివాళ్ళు, ఇంటిపేరు ఎక్కడ మారిందో తేలనివాళ్ళు వచ్చి అడిగితే, పాత జనన మరణ రిజిస్టర్లు వెతికి వంశవృక్షం రాసిచ్చేవాళ్ళం. ఇప్పటికి మూడు వందల పన్నెండు కుటుంబాలకు ఇచ్చాం. గదిలోకి కలం గానీ సెల్‌ఫోన్ గానీ తేరాదని తమ కార్యాలయ నిబంధన. అందుచేత ఒక్కొక్కరి వివరాలు ఒక్కో కార్డు మీద పెన్సిలుతో రాసేవాళ్ళం. ఒకరు రాసినదాన్ని మరొకరు రిజిస్టరుతో సరిచూసి కార్డు మూల చుక్క పెట్టాలి. చుక్క పడిన కార్డుకే ఇంటి దగ్గర సిరా. ఎవరి కుటుంబం కార్డుకు వాళ్ళు చుక్క పెట్టరాదు. ఈ చివరి నియమం నా భార్యది. "మనవాళ్ళ పేరైతే కళ్ళు ఉన్నది చదవవు, కావాల్సింది చదువుతాయి" అనేది.

అటెండరు ఆమెను ఆటపట్టించేవాడు. "అక్కా, పోయినోళ్ళంతా నీకు చుట్టాలేనా?"

"ఉన్నవాళ్ళు తీరిగ్గా దొరకరు కదా తమ్ముడూ. వీళ్ళైతే ఎక్కడికీ పోరు."

ఆ మాట తప్పింది. వీళ్ళు రేపు ఉదయం తొమ్మిదింటికి పోతున్నారు.

2. నా భార్య తల్లి ప్రసవమైన మూడో రోజున చనిపోయింది. తండ్రి ఏడాది తిరక్కుండా మరో పెళ్ళి చేసుకున్నాడు. ఆ పిన్నే ఆమెను పెంచింది. మంచి మనిషి. బడిలో, పెళ్ళిలో, పింఛను కాగితాల్లో తల్లి పేరు అన్నచోటల్లా పిన్ని పేరే ఉంది. కన్నతల్లి పేరు ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. నా భార్యకు అడగాలనిపించే వయసు వచ్చేసరికి చెప్పగలిగినవాళ్ళు లేరు. ఫోటో లేదు. మరణాల రిజిస్టరులో "ఫలానావారి భార్య, వయసు పంతొమ్మిది, ప్రసవానంతరం" అని మాత్రం ఉంది. పేరు రాయలేదు. ఆ రోజుల్లో అంతే రాసేవారు.

మేము ఈ పని మొదలుపెట్టింది ఆ పేరు కోసమే. తరవాత ఊళ్ళోవాళ్ళు రావడం మొదలైంది. తండ్రి బిడ్డ పుట్టుకను వెంటనే నమోదు చేయించలేదు. నాలుగేళ్ళు ఆలస్యంగా, బడిలో చేర్పించబోయే ముందు చేయించాడు. అందువల్ల ఆ వరుస దొరకడానికి ఏడేళ్ళు పట్టింది. నూట పన్నెండో పుట, తొమ్మిదో వరుస. "ఆడ శిశువు" అని ఉంది. ఇంటి నంబరు సరిపోయింది. తల్లి పేరు గడిలో రెండు పదాలు. నా భార్య దాని మీద వేలు పెట్టి ఒక్కో అక్షరమే చదివింది. ఆ తరవాత, "చూడండి, మా అమ్మ చేతిరాత కాదు గానీ మా అమ్మే" అంది. కార్డు తీసి పెన్సిలుతో రాసుకుంది.

చుక్క పెట్టడానికి భర్తను గనక నేను పనికిరాను. అటెండరు చేత పెట్టిద్దామన్నాను. "అతనికి నేను అక్కను కదండీ" అని నవ్వింది. బయటివాళ్ళెవరైనా దొరికినప్పుడు చూద్దాం, ముందు అడిగినవాళ్ళవి కానిద్దాం అంది. అలా నాలుగేళ్ళు గడిచాయి. కార్డు ఇంకా పెన్సిలులోనే ఉంది.

3. ఆమె పోయిన మర్నాడు నేను తమ కార్యాలయంలో మూడో కౌంటరు దగ్గరకు వెళ్ళాను. గుమాస్తా అమ్మాయి మర్యాదగానే అడిగింది.

"తల్లి పేరు, సార్?"

నేను పిన్ని పేరు చెప్పాను.

నలభై మూడేళ్ళుగా ప్రతి ఫారంలోనూ రాసిన పేరు. నోటికి అదే వచ్చింది. "ఒకసారి సరిచూసుకోండి సార్" అని కాగితం నా వైపు తిప్పింది. చూశాను. సరిగ్గా ఉందన్నాను. సంతకం చేశాను. ఇంటికి వెళ్ళి చొక్కా విప్పుతుండగా తెలిసింది.

మరణ నమోదుల్లో చుట్టాలు ఇలాంటి తప్పులు చెప్పడం మేము వందల్లో చూశాం. అలాంటి కార్డుల అంచున నా భార్య ఒక మాట రాసేది: "చెప్పినవారు దుఃఖంలో ఉన్నారు. మరోచోట సరిచూడాలి." ఆ మాట నా గురించి రాయాల్సి వస్తుందని ఇద్దరికీ తోచలేదు.

4. దిద్దమని అర్జీ పెట్టుకున్నాను. మృతురాలి జనన నమోదు నకలు జతపరచమన్నారు. నకలు అడిగితే గది మూసేశాం, రిజిస్టర్లన్నీ కంప్యూటరుకు ఎక్కించాం, అక్కడ చూసుకోండి అన్నారు. అక్కడ ఈ రిజిస్టరు లేదు. కుట్టు తెగి పుటలు ఊడివస్తున్నందున స్కానింగు యంత్రం కింద పెట్టలేదట. అలాంటివి అరవై మూడింటిని "చదవుటకు వీలుకానివి" అని జాబితా రాసి, కాగితం మిల్లుకు పంపాలని నిర్ణయించారు. వీలుకాదని రాసినవారు చదవడానికి ప్రయత్నించలేదని సవినయంగా మనవి. మేము ఆ అరవై మూడూ చదివాం. కొన్ని రెండుసార్లు.

5. నా రెండో అర్జీకి వచ్చిన జవాబు జతపరిచాను. తల్లి పేరు మార్పుకు "సదరు తల్లి స్వయంగా హాజరై వాంగ్మూలం ఇవ్వవలెను" అని అందులో ఉంది. ఆవిడకు పంతొమ్మిదేళ్ళు. అరవై తొమ్మిదేళ్ళుగా పంతొమ్మిదేళ్ళే. హాజరు కాలేదు.

మూడో అర్జీకి జవాబుగా, తప్పుడు సమాచారం ఇచ్చుట శిక్షార్హమని హెచ్చరించారు. ఒప్పుకుంటున్నాను. ఏ శిక్షకైనా సిద్ధమే. కాకపోతే విచారణలో, నేను చెప్పింది తప్పని రుజువు చేయడానికి తమకు కూడా ఆ రిజిస్టరే కావలసి వస్తుంది.

కాబట్టి ప్రార్థన: అరవై మూడింటినీ ఆపమని కోరడం లేదు. కోరాలి, కానీ ఆ శక్తి నాకు లేదు. ఒక్కటి ఆపండి. అదీ వీలుకాకపోతే, లారీ ఎక్కించే ముందు తమరు స్వయంగా ఆ తొమ్మిదో వరుస ఒకసారి చదివి, నా దగ్గరున్న కార్డు మూల చుక్క పెట్టండి. తమరు ఆమెకు ఏమీ కారు. మా నియమం ప్రకారం పూర్తిగా అర్హులు. ఆ పేరు ఈ అర్జీలో రాయకపోవడానికి కారణం కూడా అదే. ఇది సిరాతో రాస్తున్నాను. ఆ పేరుకు ఇంకా చుక్క పడలేదు.

ఇది నాలుగో అర్జీ. ఇకమీదట అడగడానికి ఏమీ మిగలదు గనుక ఇదే చివరిది. ఈ ఒక్క వరుస మటుకు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
(సంతకం)
మరణ నమోదులో "సమాచారం ఇచ్చినవారు" అను గడిలోని వ్యక్తి

తా.క.: ఈ అర్జీ టపా గుమాస్తాకు ఇవ్వబోతే, "అయ్యగారు ఎల్లుండి దాకా సెలవు సార్, పెట్టి వెళ్ళండి, చూస్తారు" అన్నాడు. పెట్టి వెళ్తున్నాను. తమరు చదివేసరికి లారీ వెళ్ళిపోయి ఉంటుంది.

రేపు ఉదయం ఎనిమిదింటికి గది మెట్ల మీద ఉంటాను. కార్డూ, చెక్కిన పెన్సిలూ తెస్తాను. మోసేవాళ్ళలో చదువు వచ్చినవారెవరైనా ఉంటే ఒక్క నిమిషం ఆగి ఆ వరుస చదవమని అడుగుతాను. ఎవరూ ఆగకపోతే నేనే చదువుతాను, పైకి, ఆమె చదివినట్టు. చుక్క మాత్రం పెట్టను.